తలల్లేని బాతులు

మా అత్తగారి ఒళ్ళో స్వెట్టర్ సగంలో ఆగిపోయింది. దాని మీద బాతుల వరస. కింది నుంచి పైకి అల్లుతారు గనక కాళ్ళూ, పొట్టలూ, మెడలూ వచ్చాయి. తలలు రాలేదు. ఆవిడ పాత కంప్యూటర్లో డిజైన్ చూస్తూ అల్లుతారు. ఆ కంప్యూటరేమో కాస్త పొగ వదిలి, ప్రాణం కూడా వదిలేసింది.

మా అమ్మాయికి ఈ నెలలోనే కాన్పు. అది పుట్టినప్పుడు ఈ బాతుల్ని అత్తగారే ఆ కంప్యూటర్లో చుక్క చుక్కా పెట్టి గీశారు. మళ్ళీ గీయడానికి ఇప్పుడు ఆవిడ కళ్ళు ఒప్పుకోవు.

"ఇలాగే తొడిగితే బిడ్డ జడుసుకుంటుంది," అన్నారు.

"పుట్టగానే అంత బాగా కనపడదులెండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అప్పుడు భయం వేసి మరిదికి ఫోన్ చేశాను.

ఫ్లాపీలు చదివే చిన్న పెట్టె సంచిలో వేసుకుని వచ్చాడు. డిజైన్ ఉన్న ఫ్లాపీ బాగానే ఉంది. దాన్ని తెరిచే ప్రోగ్రాం మాత్రం కొత్త సిస్టమ్‌లో నడవదట.

"నా లాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్ పెడతాను వదినా. ఎమ్యులేటర్ అంటారు. ఫ్లాపీ బదులు దానికి ఇమేజ్ ఇస్తే చాలు. ఫ్లాపీ మొత్తం ఒకే ఫైలన్నమాట."

ఖాళీ ఇమేజ్ చేసి, ఫైళ్ళన్నీ అందులో వేశాడు. నల్ల తెర మీద ఒకటే మాట, సిస్టమ్ డిస్క్ లేదని.

"అన్నీ వేశావుగా?"

"సామానంతా సర్దాను, తలుపు తీసేవాడే లేడు. సిస్టమ్‌ని లేపే ముక్క ఫ్లాపీ మొదట్లో ఉంటుంది, మామూలు కాపీతో రాదు. అసలు సిస్టమ్ ఫ్లాపీయే కావాలి. ఆ కంప్యూటర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, బయట ఎక్కడా దొరకలేదు. అమ్మ ఫ్లాపీల డబ్బాలో సిస్టమ్‌ది ఇదొక్కటే మిగిలింది గానీ, దీని మీద 'పాడైపోయింది' అని అమ్మే రాసింది."

ఆ రాత చూడగానే నాకు అనుమానం వచ్చింది. మా వంటింటి పై అరలో 'చేదు మందు' అని ఇదే చేత్తో రాసిన డబ్బా ఉంది. అందులో బిస్కెట్లుంటాయి.

"అత్తయ్యా, ఇది నిజంగా పాడైందా?"

"పాడైతే దాచుకుంటానా అమ్మాయ్? మీ ఆయనా, వీడూ ఆటలు ఎక్కించుకోవడానికి దొరికిన ఫ్లాపీనల్లా చెరిపేసేవాళ్ళు. అందుకని అలా రాశాను."

"అమ్మా, పొద్దుటి నుంచి నేను..."

"నువ్వు అడిగావా? వదిన అడిగింది."

మరిది ఆ ఫ్లాపీని మొదటి నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా తీశాడు. ఈసారి తెర మెల్లగా మేలుకుంది. కాసేపటికి పచ్చ గళ్ళ మీద బాతులు వరసగా నిలబడ్డాయి, తలలతో సహా.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. "బతికించావురా," అని కొడుకు తల నిమిరి, సూదులు అందుకున్నారు. సాయంత్రానికి మొదటి బాతుకి ముక్కు వచ్చింది.

వెళ్ళే ముందు మరిది ఆ ఇమేజ్‌లన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాడు. "దీని మీద ఏం రాయమంటావు వదినా?"

పెన్ను తీసుకుని నేనే రాశాను, 'పాడైపోయింది' అని. మా అందరి చేతుల్లోంచి ఈ ఇంట్లో ఏదైనా మిగిలిందంటే ఆవిడ చలవే మరి.

తర్వాత చేదు మందు డబ్బా దించి, మరిది చేతిలో నాలుగు బిస్కెట్లు పెట్టాను. అత్తగారు చూశారు. సూదులు పక్కన పెట్టి, తనూ చెయ్యి చాపారు.