చిన్నతల్లి తెచ్చిన చందువలు

పలాస స్టేషను ఎదుట మా మెస్ ఉన్నన్నాళ్లూ చిన్నతల్లి చేపల గంప ముందు గుమ్మంలోనే దిగేది. ఉద్దానం తీరం నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి, చేపలు వంటింట్లో ఇచ్చి, అందరితోపాటు బల్ల మీద కూర్చుని భోంచేసి వెళ్లేది. పక్కన కోర్టు గుమస్తా ఉన్నా, జీడిపప్పు వ్యాపారి ఉన్నా కాస్త జరగమనేది. వాళ్లు జరిగేవారు. పదిహేనేళ్లు అలాగే గడిచాయి.

2005లో ఆ మెస్ మూసేసి హైవే పక్కన ఏసీ రెస్టారెంటు పెట్టాను. అద్దాల తలుపు, మసక దీపాలు, ఇస్త్రీ చేసిన గుడ్డ నాప్కిన్లు. విశాఖపట్నంలో అలాంటిచోట ఒక్కపూట తిని వచ్చి పట్టిన పంతం అది. కాశీబుగ్గ డాక్టర్లు, టెక్కలి ఇంజినీర్లు కార్లలో రావాలని నా ఆశ. పాత బల్లల మీద తిన్నవాళ్లు ఇకమీదట ఎక్కడ తింటారన్న ఆలోచనే నాకు రాలేదు. కళ్లు నెత్తికెక్కాయి మరి.

చిన్నతల్లిని మాత్రం మొదటిరోజు భోజనానికి, సొంత అక్కను పిలిచినట్టు నోరారా పిలిచాను. "అప్పా, నువ్వు రాకపోతే ఊరుకోను" అన్నాను.

ప్రారంభం రోజు మధ్యాహ్నం గుమ్మం ముందు కార్లు ఆగుతున్నాయి. కొత్త చీర కట్టుకుని, నెత్తిన గంపతో అద్దాల తలుపు దగ్గరికి వచ్చింది చిన్నతల్లి. గంపలో అరటాకు కింద పెద్ద పెద్ద చందువ చేపలు. ఆమె వెనకే డాక్టరుగారి కుటుంబం కారు దిగుతోంది. నాకు కంగారు పుట్టింది.

"సరుకు ఎనక గేటు కాడికి తీస్కెల్లప్పా. అక్కడ తూకం ఏత్తారు" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, వెనక గేటు వైపు నడిచింది.

సాయంత్రం వంటమనిషి సన్యాసయ్య చెప్పాడు. "ఆ సేపలు మీకు సదివింపంట బావూ. తూకం ఎయ్యద్దని సెప్పి, గంప వదిలేసి ఎల్లిపోనాది."

నాకు తల కొట్టేసినట్టయింది. శుభకార్యానికి చదివింపు తెచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపేశాను.

ఆ తర్వాత ఆమె రాలేదు. నెలరోజులు ఆగి, అదీ నా తప్పే, వజ్రపుకొత్తూరు దాటి వాళ్ల ఊరు వెళ్లాను. వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. తిట్టినా బాగుండేది.

"తప్పయిపోయిందప్పా. ఒకపాలి వచ్చి నా పక్కన కూకుని తిను" అన్నాను.

"నాకు కోపమేటి నేదు బావూ" అంది. "ఆ పొద్దు మీకాడ పెద్ద బోజనమని ఇంటికాడ గంజి కూడా తాగనేదు. బావు పిలిసినాడని బస్సులో అందరికీ సెప్పుకున్నాను. తిరిగొచ్చినప్పుడూ ఆల్లే ఉన్నారు. ఏటి పెట్టినారని అడిగినారు."

కొంగు సర్దుకుంది.

"అన్నీ పెట్టినారని సెప్పినాను."