ఎనిమిది సిలిండర్ల డాడ్జ్

ఎర్ర దుమ్ము.

తుడిచినా మళ్లీ వాలుతుంది. నౌబాద్ షెడ్డులో, పాత అమెరికా డాడ్జ్ కారు బానెట్ మీద, కారప్పొడి చల్లినట్టు.

మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ కెజియా తాతకిచ్చిన కారు అది. దాని ఇంజన్ పెట్రోలు తెగ తాగుతోందని, ఆమె పుట్టిన ఏడాది నాన్న ఎబినేజర్ దించేశాడు. ట్రాక్టరు డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. కారు బతికింది. పరుగు చచ్చింది.

వచ్చే నెల పావు మైలు పందెం. తిన్నని రోడ్డు. ఒక్కో విడతకు రెండు కార్లు. డీజిల్ వేసిన పాత కార్లకు పందెం లేదట — ఓ పక్కన నిలబెడతారట, ఫోటోలకు.

ఫోటోలకా!

కెజియాకు ఒళ్లు మండింది. పద్నాలుగేళ్లు మెకానిక్‌గా చేతులు నల్లబడ్డది బొమ్మను నిలబెట్టడానికా?

"జపాన్ ఇంజన్ ఏసుకో అక్కా. తేలిక. మస్తు ఉరుకుతది," అన్నాడు సామాన్ల దుకాణం శ్రీశైల్.

"డీజిలే ఉండనీ బిడ్డా. ఇజ్జత్ పోగొట్టుకోకు," అన్నాడు నాన్న.

"దానిది దానికే ఏస్త. ఎనిమిది సిలిండర్లది," అంది కెజియా.

"దించి ముప్పై ఆరేండ్లాయె. జామైపోయుంటది," అన్నాడు నాన్న.

జామైతే విడదీస్తుంది. విరిగితే అతుకుతుంది. ఎవరేమన్నా సరే — ఎనిమిదే.

షెడ్డు మూల. గోనెపట్టా. దాని కింద ఇంజన్. ఇంజన్‌ను తిప్పే ముందు నట్టుకు పెద్ద పానా తగిలించి, పళ్లు బిగించి లాగింది...

తిరిగింది.

అంత మెత్తగా తిరుగుతుందని ఆమె అనుకోలేదు.

ప్లగ్గు విప్పింది. లోపల నూనె. నల్లబడని నూనె.

వెనక్కి చూసింది. నాన్న గడపలో నిలబడి నేల చూస్తున్నాడు.

"ఏటా క్రిస్మస్‌కు పోస్తుంటి," అన్నాడు. "పోసి జర తిప్పుతుంటి. ఎవ్వరికీ చెప్పలే."

ముప్పై ఆరు క్రిస్మస్‌లు! వద్దు వద్దంటూనే ఎంత మొండితనం ఈ మనిషికి! ఆమెకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

నెల తిరిగింది.

పందెం గీత మీద డాడ్జ్. పక్కన పూణె నుంచి వచ్చిన తళతళలాడే కారు. ముసలి బండిని చూసి జనం నవ్వుతున్నారు.

నవ్వనీ.

బండి ఏదైనా, బయల్దేరే ముందు ఇంజన్ ఆపించి, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం నాన్న అలవాటు. ఇంజన్ ఆపబోతూ కెజియా తాళంచెవి మీద చెయ్యి వేసింది.

"ఆపకు బిడ్డా," అన్నాడు. "ఆపింది చాలు."

ఎనిమిదీ గర్జించాయి. ప్రార్థన ఎవరికీ వినబడలేదు. నాన్న బానెట్ మీంచి చెయ్యి తీసి పక్కకు జరిగాడు.

జెండా ఇంకా లేవలేదు...

బానెట్ మీద అయిదు వేళ్ల అచ్చు. దాని చుట్టూ ఎర్ర దుమ్ము — వణుకుతోంది — లేస్తోంది...