గాలి తగిలిన ట్యాంకు

షెడ్డు తలుపు తీయగానే అక్కకి బేకరీలో అడుగుపెట్టినట్టు అనిపించింది. గడ్డి పులిసే చోట రొట్టె వాసనేమిటి? అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడేళ్లుగా షెడ్డులోని ట్యాంకులో బ్యాక్టీరియాని కంటికి రెప్పలా సాకుతోంది. ఎండుగడ్డిలోని పీచుని తిని ఇథనాల్ అనే ఆల్కహాల్ వదిలే జీవాలవి. వాటికి గిట్టనిదల్లా గాలి. అందుకే మూత మీద "తెరిస్తే చంపేస్తా" అని ఎర్ర రంగుతో తనే రాసిపెట్టింది. నిన్న ఒక్కరోజు జ్వరమని ఇంటిపట్టున ఉంది. అమ్మకాలు చూసుకునే తమ్ముడికి ఆ ఒక్కరోజూ చాలింది.

"మూత తీశావా?" ట్యాంకు పక్కనే నిలబడ్డ తమ్ముణ్ణి అడిగింది.

"పెట్టుబడి పెట్టడానికి ఇవాళ వచ్చే ఆవిడకి వాసన చూపిద్దామని, నిన్న ముందుగా ఓసారి తీసి చూశానక్కా. కాసేపే!"

"కాసేపేనట! మరి ఈ బుడగలేంటి?"

తమ్ముడు ట్యాంకు మీద తట్టాడు. "తర్వాత పొంగడం ఆగిపోయింది. అందుకే చక్కెర పోసి, రొట్టెల్లో వేసే ఈస్ట్ కలిపాను. చూడు, ఎంత జోరుగా ఉందో! ఆవిడ చూసి ఫ్యాక్టరీకి సరేనంటుంది. నీ పురుగుల్ని ఆనక మళ్లీ పెంచుకోవచ్చు."

"ఒరేయ్, చక్కెరతో సారా ఎవడైనా కాస్తాడు! గడ్డితో తీయడానికే కదరా నేనిన్నాళ్లు చచ్చింది!" చేతికందిన రబ్బరు గొట్టాన్ని వాడి మీదికి విసిరికొట్టింది.

అంతలో బయట కారు ఆగింది. పెట్టుబడి పెట్టే పెద్దావిడ లోపలికి వచ్చి, ట్యాంకు అద్దంలోంచి చూసి ముచ్చటపడింది.

"ఇదంతా గడ్డి నుంచేనా?"

"అవునండీ," అన్నాడు తమ్ముడు.

"కాదండీ," అంది అక్క. "చక్కెర నుంచి. గడ్డి తినే నా బ్యాక్టీరియాని నిన్న వీడు చంపేశాడు."

తమ్ముడి మొహం మాడిపోయింది. మాడనీ, అనుకుంది అక్క. కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"నిజం చెప్పావు, సంతోషం," అంది పెద్దావిడ. "కానీ నిన్ననే చచ్చాయంటే ఎలా నమ్మను? గడ్డితో ఎన్నడూ నడవలేదన్నమాట."

అక్కకి ఒళ్లంతా కారం రాసినట్టయింది. "నడిచిందండీ! మొన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచింది. కావాలంటే వీణ్ణే అడగండి!"

"ఒట్టండీ, నడిచింది," అన్నాడు తమ్ముడు. వాడు ఆవిడకి చెప్పిన నిజం అదొక్కటే.

పెద్దావిడ ఇందాక అవునన్న వాడి మొహం చూసి నవ్వి, సంచీలోంచి కారు తాళాలు తీసింది.