ఏనుగులు దిగిన పాయ

నా భార్య పోయాక నేను సుంగై పెటాని ఇంట్లోంచి కదలడం లేదని, మా అక్క కూర్మమ్మ పట్టుబట్టి నన్ను సముద్రం దాటించి, మలేసియా తూర్పు కొసనున్న సబా రాష్ట్రానికి తీసుకొచ్చింది. కినబతంగాన్ నది మీద పడవలో తిరిగి అడవి జంతువుల్ని చూడాలట. డెబ్బై దాటిన మనిషి, పూటపూటా ఇన్సులిన్ పొడుచుకుంటుంది.

సాయంత్రం పడవ పెద్ద నది విడిచి ఇరుకు పాయలోకి మళ్ళింది. గట్టు మీద ఏనుగుల గుంపు కనిపించగానే అక్క చేతులు జోడించింది. చిన్నప్పుడు రబ్బరు ఎస్టేటులో మా అమ్మ వినాయకుడికి పెట్టినట్టే, సంచిలోని అరటిపళ్ళూ బెల్లమూ గట్టు మీదికి విసిరేసింది. అప్పటికే సూది పొడుచుకుంది, ఆ పైన తను తినవలసినవి అవే. జంతువులకు ఏమీ వేయవద్దని పడవ నడిపే సాలే ముందే చెప్పాడు. అయినా అక్కను ఒక్క మాట అనలేదు. అదే పదివేలు.

పళ్ళ రుచి మరిగిన ఏనుగులు నీళ్ళలోకి దిగి, మేము వచ్చిన దారికి అడ్డంగా నిలబడ్డాయి. ముందుకు పోదామంటే పాయలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కూలిన చెట్టు. గుంపులో పిల్ల ఉంది, ఇంజను చప్పుడైతే తల్లి మీదికి వస్తుందని సాలే ఇంజను ఆపేశాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. దిగుదామంటే బురదలో మొసళ్ళు.

కాసేపటికి అక్క చేతులు వణకసాగాయి. జాకెట్టు చెమటతో తడిసింది. నేనొకటి అడిగితే ఇంకొకటి చెబుతోంది. ఒంట్లో చక్కెర పడిపోతోందని అర్థమైంది.

సాలే దగ్గర ప్లాస్టిక్ సంచిలో కట్టించుకున్న తీపి టీ ఉంది. సగం తాగినదే. పీల్చే గొట్టంతో సహా నా చేతిలో పెట్టాడు.

అక్క మొహం తిప్పుకుంది. "ఆడు నోరెట్టినాడు."

"తాగకపోతే పడిపోతావక్కా."

"పడిపోతే పడిపోనీ లా. మొగుడి ఎంగిలే ముట్టనేదు నాను. ఇప్పుడు ఏటిరా?"

మాట చివర తగిలించే మలయ్ 'లా'తో సహా మాటలన్నీ ముద్దగా వస్తున్నాయి. ఇక వాదించే వ్యవధి లేదు. గొట్టం లాగి జేబులో వేసుకుని, సాలే కత్తితో సంచి అడుగు మూల కొద్దిగా కోశాను.

"ఎంగిలైంది గొట్టం, టీ కాదు. నోరు తెరు, ఎత్తి పోస్తాను. పెదవి తగలదు."

అక్క సంచి కోసిన మూల చూసింది. తరవాత పసిపిల్లలా నోరు తెరిచింది. సన్నటి ధారగా పోశాను. గడ్డం మీద కారినదాన్ని తువ్వాలుతో తుడిచాను. మింగింది, మళ్ళీ తెరిచింది.

చీకటి పడుతోంది. ఏనుగులు కదల్లేదు. అక్క చేతుల వణుకు మాత్రం తగ్గింది.

"టీలో పంచదారెయ్యడానికి కక్కుర్తి పడనేదురా ఈడు," అంది సాలే వైపు చూసి.


ఆ మాట మలయ్‌లో సాలేకు చెప్పాను.