నోరు సూడని డాక్టరు

నాందేడ్ కోర్టు ఎన్క గల్లీల వకీలు మయూరి ఆఫీసు దొరికేసరికే వెంకవ్వకు ఓపిక సచ్చింది. అంతకుముందు కలిసిన ఇద్దరు వకీళ్లు, డాక్టర్ల మీద కేసు తెగదని పంపించేసిండ్రు. ఇదొక్కటి సూసి ఇంటికి పోదామన్నడు మొగడు పోశన్న. ఆమె తలూపింది. మాట్లాడితే దవడ గుంజుతది.

మర్ఖేల్ ఊర్ల వాళ్లిద్దరు కూలికి పోయెటోళ్లు. సోయా కలుపుల వెంకవ్వ పాటందుకుంటే చేనంత ఆమె ఎంబడే పాడేది. ఎండకాలం దవడ పన్ను సలుపుతుందని తాలూకాల పండ్ల డాక్టరు దగ్గరికి పోయింది. పీకుతుంటే పన్ను ఇరిగింది. తెల్లారి మొఖం ఉబ్బితే గోలీలిచ్చి పంపిండు. మళ్ల పోతే కంపౌండరే బయట ఆపి, పన్ను పీకినంక అందరికి గట్లనే ఉంటదన్నడు. ఆఖరికి జరమెక్కి, ఊపిరాడకుండయితే పోశన్న జీపుల ఏసుకొని నాందేడ్ సర్కార్ దవాఖానకు తెచ్చిండు. అక్కడ మెడ కోసి చీము తీసిండ్రు. పన్ను ముక్క ఎముకలనే ఉన్నదన్నరు. పానమైతే దక్కింది గని, కింది పెదవికి సోయి లేదు. నోరు ఏలు పట్టేంత గూడ తెరుసుకోదు.

ఇదంత పోశన్ననే చెప్పవట్టిండు. చెప్పి చెప్పి అరిగిపోయిన సంగతి, ఎవలిదో అన్నట్టు చెప్తుండు. మయూరి అతన్ని ఆపి, వెంకవ్వ దిక్కు తిరిగి, చిన్నమ్మను పిలిసినట్టు పిలిసి మరాఠీల అడిగింది.

"మావ్షీ, మీరు చెప్పండి. డాక్టరు చేసిన తప్పేంది?"

వెంకవ్వ కొంగుతోని పెదవి తుడుసుకున్నది. ఇన్నొద్దులల్ల ఆమెను ఎవలు గిట్ల అడగలే.

"పన్ను ఇరిగితే ఇరిగింది మేడం. ఒక్కసారి నోరు తెరిచి సూడమన్న. సూడలే. గిప్పుడు సూస్తనన్నా తెరుసుకోదు."

మయూరి ఆ మాట కాయితం మీద రాసుకున్నది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. కేసు పన్ను ఇరిగినందుకు కాదు, తిరిగి పోతే సూడనందుకు ఏద్దామన్నది. తప్పు జరిగిందని సర్కార్ దవాఖాన డాక్టరు రాసియ్యాలె, ఏండ్లు పట్టొచ్చు, గెలుస్తమని మాటియ్యలేనన్నది. వెంకవ్వకు సంబురమేం కాలే. మళ్ల ఆ దవాఖాన వరుసలు, ఆ బస్సులు కండ్ల ముందర తిరిగినయి. అయినా సరేనన్నది.

సర్కార్ డాక్టరు తిప్పించుకొని తిప్పించుకొని, సికిత్స ఆలస్యమైందని మాత్రం రాసిండు. తప్పెవలిదో రాయలే. కన్స్యూమర్ కోర్టుల కేసు పడ్డది. ఆమె గోలీలు ఏసుకోలేదు, అందుకే ఇట్లయిందని అవతలి వకీలు జవాబిచ్చిండు. మొదటి తారీఖుకు పోతే సాయంత్రం దాంక కూసోబెట్టి, జడ్జి రాలేదని ఇంకో తారీఖు ఇచ్చిండ్రు.

బస్టాండ్ల తమ ఊరి దిక్కు పోయే దెగ్లూర్ బస్సు కోసం సూస్తుంటే పోశన్న మెల్లగ అన్నడు.

"ఇడిసిపెడ్దామా?"

"వద్దు," అన్నది వెంకవ్వ. "పిలిచిన్నాడు మళ్ల వద్దాం."

బస్సుల సీటు దొరికింది. దారిల నాయ్‌గావ్ రాకముందే ఆమెకు నిద్ర వట్టింది. పోశన్న తన రుమాలు మడిచి, కిటికీకి ఆనిన ఆమె చెంప కింద పెట్టిండు.