లాటిన్ మాస్టారి మెట్లు

లాటిన్ మాస్టారి గది రెండో అంతస్తులో, ఇస్త్రీ దుకాణం పైన. పొద్దున ఆరింటికి మందుల కాలేజీ పిల్లలు, తొమ్మిదింటికి లా చదివేవాళ్ళు, సాయంత్రం మొక్కల తోటలో పనిచేసే ఆవిడ ట్యూషన్‌కి వచ్చేవారు. ఎవరు ఏ తప్పు చెప్పినా వీధిలోంచి ఎక్కే మెట్లలో ఒకటి పెరిగేది. చెప్పినవాళ్ళే ఆ తప్పు దిద్దుకుంటే తగ్గేది. ఇల్లు కట్టినప్పుడు పద్దెనిమిది మెట్లు. ఇప్పుడు నూట నలభై ఒకటి. పరీక్షల నెలలో పాలవాడు కాస్త గొణిగేవాడు, అంతే.

మోకాళ్ళ నొప్పులతో మాస్టారు కిందికి దిగక రెండేళ్ళయింది. పోయిన నెల ఎదురింట్లో ఆయన కూతురు ఆడపిల్లను కన్నది. నెల తక్కువ పిల్ల, ఇంట్లోంచి కదిలించొద్దంది డాక్టరమ్మ. కూతురు కిటికీలో నిలబడి ఎత్తి చూపిస్తే ఈయనకు దుప్పటి తప్ప ఏమీ కనిపించేది కాదు. "దుప్పటి బాగుందమ్మా!" అని అరిచి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు.

ఇస్త్రీ అతను ఎత్తుకుని దింపుతానన్నాడు. "నేనేమైనా బట్టల మూటనా?" అని మాస్టారు కసిరాడు. తప్పులు దిద్దుకుపొమ్మని పాత శిష్యులకు ఉత్తరాలు రాశాడు. ఇద్దరొచ్చారు.

"తప్పులు వాళ్ళవి, అవస్థ నాది" అన్నాడు ఆ సాయంత్రం తోట ఆవిడతో. "సరే, మోరస్ అంటే?"

"మల్బరీ చెట్టు."

"అంజూరు! నిన్న సరిగ్గానే చెప్పావుగా?"

"చెప్పాను, మీరు శభాష్ అన్నారు. దిగేటప్పుడు చూస్తే ఒక మెట్టు ఎక్కువుంది. నాకు లెక్కపెట్టుకుంటూ దిగే అలవాటు, మాస్టారూ. రాత్రంతా అదే ఆలోచన."

"ఇంకేదో తప్పు చెప్పుంటావు."

"అయితే ఇప్పుడు కింద ఆ చప్పుడేంటి?"

ఎవరో సొరుగు మూసినట్టు చిన్న చప్పుడు. ఒక మెట్టు తగ్గింది. ఆవిడ సంచిలోంచి ఒక కొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. నల్లగా పండిన మల్బరీ పళ్ళు. "మా తోటలో ఈ చెట్టుకే మోరస్ అని పలక కట్టి ఉంది."

మాస్టారు ఒక పండు నోట్లో వేసుకున్నాడు. ఆయన చదువుకునేటప్పుడు ఈ రెండు చెట్లూ చూసి ఎరగడు. తెలియదని చెప్పడానికి నామోషీ వేసి, తోచింది అనేసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అదే చెప్పి, అప్పజెప్పిన ప్రతివాడినీ మెచ్చుకున్నాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మోరస్ అంటే మల్బరీ" అన్నాడు చివరికి. "తప్పు నాదమ్మా."

కింద టపటపా మొదలైంది. "మాస్టారూ, ఎవరైనా పడ్డారా?" అని ఇస్త్రీ అతను కేకేశాడు. చప్పుడు ఆగాక తోట ఆవిడ వెళ్ళి లెక్కపెట్టుకొచ్చింది.

"ఇరవై రెండు. మీరు నేర్పి చెప్పించినవన్నీ మీ లెక్కే. పిల్లలవి నాలుగేనండీ."

మాస్టారు చెప్పులు వెతుక్కున్నాడు. గోడ పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ దిగాడు. వీధి దాటి తలుపు తట్టాడు.

"నాన్నా, నువ్వా!" అంది కూతురు. "ముందు చేతులు కడుక్కో, ఆ మరకలేంటి?"

బుద్ధిగా కడుక్కున్నాడు. మల్బరీ మరకలు పోలేదు. ఆ వేళ్ళతోనే దుప్పటి అంచు మెల్లగా తొలగించి, లోపలికి తొంగి చూశాడు.

"పిల్ల బాగుందమ్మా" అన్నాడు.