సెఫెరీనో కుడిచెయ్యి

పొద్దున్నే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుని, రొట్టె కోసం వరసలో నిలబడి, దానికి అంటిన ఇసుక దులుపుకుని, ముళ్ళకంచె దగ్గరికి వెళ్ళి మొగుడు సెఫెరీనోతో నాలుగు మాటలు మాట్లాడటం లెయోకాడియాకి రోజూ ఉన్న పనే. అంతర్యుద్ధంలో ఓడి సరిహద్దు దాటొచ్చిన స్పెయిన్ జనాన్ని ఫ్రాన్సు వాళ్ళు ఆ సముద్రపు ఒడ్డున దించి, మగవాళ్ళని ఒకవైపు, ఆడవాళ్ళని ఒకవైపు తోసి మధ్యలో కంచె వేశారు. పైన కప్పు లేదు. ఇసుకలో గుంటలు తవ్వుకుని పడుకునేవారు.

సెఫెరీనో కోసం ఎదురుచూసేది ఆమె ఒక్కతే కాదు. వాళ్ళ సొంతూరు వల్దెమోరా ఆడవాళ్ళంతా అక్కడే ఉండేవారు.

"ఇవాళ ఎంతమందయ్యా?" అని అడిగేది ముసలి ఎన్‌గ్రాసియా.

"నలుగురు. ఒకరు ఆడమనిషి. జడ నా వేళ్ళ మీద పడింది."

"ఉంగరం ఉందా?"

"లేదు పెద్దమ్మా."

ఎన్‌గ్రాసియా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, రొట్టె కొరుక్కుంటూ వెళ్ళిపోయేది. ఊళ్ళో ఉండిపోయిన ఆమె కూతురికి ఉంగరం ఉంది.

సెఫెరీనో కుడిచెయ్యి ఎబ్రో నది పోరులో మోచేతి దగ్గర తెగిపోయింది. బావమరిది అన్సెల్మో దాన్ని గోనెగుడ్డలో చుట్టి, కంచరగాడిద మీద ఊరికి తీసుకెళ్ళి శ్మశానం గోడ పక్కన పాతాడు. పాతినా దానికి స్పర్శ పోలేదు. అక్కడ వాన కురిస్తే ఇక్కడ సెఫెరీనో వణికేవాడు. శిబిరం డాక్టరు, "నొప్పి ఉందా? లేకపోతే పర్లేదు" అని పంపేశాడు. గెలిచిన సైన్యం ఊళ్ళోకి వచ్చాక జనాన్ని కాల్చడానికి ఆ గోడనే ఎంచుకుంది. గొయ్యి తవ్వేటప్పుడు పార వచ్చి సెఫెరీనో చిటికెనవేలికి తగిలింది. ఆ రోజు నుంచి పడ్డవాళ్ళ బరువంతా అతనికి తెలుస్తూనే ఉంది.

మార్చిలో గెలిచినవాళ్ళు శిబిరంలో మైకు పెట్టించి, తప్పు చెయ్యనివాళ్ళు నిర్భయంగా స్పెయిన్‌కి తిరిగి రావచ్చని చెప్పించారు.

"నేను గాడిదలు తోలానే గాని తుపాకీ పట్టానా బావా?" అన్నాడు అన్సెల్మో.

"ఒరేయ్, ఆ గోడ దగ్గర పడేవాళ్ళలో సగం మంది తుపాకీ పట్టనివాళ్ళేరా."

"అయితే ఇక్కడ ఇసుక బుక్కి చావమంటావా? అక్కా, నేను ముందెళ్ళి ఇల్లు బాగుచేస్తాను. కబురు పెట్టగానే పిల్లని తీసుకుని వచ్చెయ్."

వెళ్ళాడు. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. అంతా బాగుంది, రమ్మని. అన్సెల్మోకి రాయడం రాదు. ఎవరు రాసిపెట్టారో అందులో లేదు. అప్పటికి ఆరేళ్ళ కూతురు నియెవెస్ దగ్గితే నెత్తురు పడుతోంది. పక్క గుంటలో ఇద్దరు పిల్లలు ఒకే వారంలో పోయారు.

"చెయ్యి ఏమంటోంది?" అని అడిగింది లెయోకాడియా.

"పది రోజులుగా చప్పుడు లేదు. వెళ్ళు. పిల్లని బతికించుకో" అన్నాడు సెఫెరీనో, ఆమె ముఖం చూడకుండా.

బయల్దేరే పొద్దున కావలివాళ్ళు తుపాకీ మడమలతో పొడుస్తూ ఆడవాళ్ళని లారీ ఎక్కించారు. లెయోకాడియా పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. పక్కన ఎన్‌గ్రాసియా మూట సర్దుకుంటోంది. అవతల కంచె పట్టుకుని నిలబడ్డ సెఫెరీనో ఉన్నట్టుండి కేక పెట్టి మోకాళ్ళ మీద పడ్డాడు.

"ముగ్గురు! ముగ్గురు పడ్డారు! లెయో, దిగు!"

"ఎవరు?"

"ఒకడికి ప్రాణం పోలేదు. మట్టి గోకుతున్నాడు. నా చెయ్యి ఎక్కడుందో తెలిసినవాడిలాగా గోకుతున్నాడు." అతని ముఖమంతా చెమట. "పట్టుకున్నాడు. బొటనవేలికి కొస లేదు లెయో!"

తమ్ముడికి పన్నెండేళ్ళప్పుడు నూనె గానుగలో పడి నలిగిన వేలది. ఆ రోజు కట్టు కట్టింది లెయోకాడియానే.

ఆమె పిల్లని ఎత్తుకుని లారీ మీంచి దూకేసింది. కావలివాడు తుపాకీ మడమతో భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. పడింది, పిల్లని వదల్లేదు. వాడు మళ్ళీ ఎత్తేసరికి ఎన్‌గ్రాసియా మూట వాడి ముఖాన పడింది. వెనకే ఆ ముసలిదీ దిగింది, ఇంకో అయిదుగురు దిగారు. డ్రైవరు విసుక్కుని మిగిలినవాళ్ళతో వెళ్ళిపోయాడు.

లెయోకాడియా ఇసుకలో పాక్కుంటూ కంచె దగ్గరికి చేరింది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. పట్టు సడలుతోంది."

"వాడు వదిలినా నువ్వు వదలకు."

సెఫెరీనో పళ్ళు బిగించాడు. ఖాళీ చొక్కా చెయ్యి గాలికి కొట్టుకుంటోంది. సూపు వచ్చింది, అయిపోయింది, ఇద్దరూ కదల్లేదు.

"బూట్లు వస్తున్నాయి" అన్నాడు కాసేపటికి. తర్వాత ఒక్కసారి ఒళ్ళంతా అదిరిపడ్డాడు.

ఆమె పిల్ల తల నిమురుతూ కూర్చుంది.

"మట్టి పోస్తున్నారు" అన్నాడు.

"పట్టుకునే ఉన్నావా?"

"పట్టుకునే ఉన్నాను."